నా పేరు ముందు కె

నా పేరు ముందు ఇంగ్లీషులో ఒక అక్షరం ఉంది. కె. దాని పక్కన ఒక చుక్క. బయటి రాష్ట్రాల వాళ్ళు ఎవరైనా అదేమిటని అడిగితే ఇంటిపేరండీ అంటాను. పూర్తిగా చెప్పమంటే మాత్రం నాకు చిరాకు. అంతా చెప్పుకునే ఉద్దేశమే ఉంటే చుక్క పెట్టి అక్కడితో ఎందుకు ఆపుతాం?

నా చిరాకుకి కారణం ఉంది. ఆ చుక్క వెనక నాకు రెండు ఇంటిపేర్లున్నాయి. ఒకటి నందిగామలో పుట్టినప్పుడు వచ్చింది, రెండోది పదో ఏట జగ్గయ్యపేటకి దత్తు వెళ్ళినప్పుడు వచ్చింది. తెలుగులో రాస్తే ఒకటి కాతో మొదలవుతుంది, ఇంకొకటి కొతో. ఇంగ్లీషులో రెండూ కెయ్యే.

మా అమ్మకి ఒక్కతే అక్క. ఆవిణ్ణి జగ్గయ్యపేటలో ఇచ్చారు. పిల్లలు లేరు. మా ఇంట్లో నలుగురు మగపిల్లలం, నేను మూడోవాణ్ణి. దత్తుకి పెద్దకొడుకుని ఇవ్వకూడదంటారు. రెండోవాడు అప్పటికే నాన్నతో కొట్లో కూర్చుంటున్నాడు. కడగొట్టువాణ్ణి ఏ తల్లీ ఇవ్వలేదు. ఇక మిగిలింది ఎవరో వేరే చెప్పనక్కర్లేదు. నన్ను ఎంచుకున్నారని చాలాకాలం అనుకున్నాను గాని, నిజానికి నేను మిగిలానంతే.

దత్తహోమం జగ్గయ్యపేటలోనే జరిగింది. పట్టు పంచె కట్టారు, అది నడుం దగ్గర నిలవక నేను రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. అమ్మా నాన్నా నన్ను ముందుకి తోసి నీళ్ళు వదిలారు. పెద్దమ్మ నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. పదేళ్ళవాణ్ణి కదా, కాళ్ళు కింద ఈడుస్తున్నాయి. చూసినవాళ్ళు నవ్వారు. భోజనాలయ్యాక అమ్మ నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి, నా మొహం తుడిచి, చెప్పవలసింది చెప్పింది.

"ఇవాళ్టినించి అక్కయ్యే నీకు అమ్మ. నన్ను పిన్నీ అని పిలవాలి. తెలిసిందా?"

తెలిసిందన్నాను. వరసలు మాకు చిన్నప్పుడే నోటికి వస్తాయి. అమ్మ చెల్లెలు పిన్ని అవుతుంది, అందులో తప్పేముంది? లెక్క సరిగ్గానే ఉంది. సాయంత్రం బస్సెక్కేటప్పుడు ఆవిడ నా వంక చూడలేదు. నేను పిన్నీ అనలేదు, అమ్మా అనీ అనలేదు. ఆ రోజు ఆగిపోయిన పిలుపు ఎప్పటికైనా మళ్ళీ నా నోట వస్తుందా, వస్తే ఆవిడ పలుకుతుందా అన్నదే తరవాత ఎన్నో ఏళ్ళపాటు నా బాధ.

మర్నాడు హైస్కూల్లో ఫస్ట్ ఫారంలో, అంటే ఆరో తరగతిలో, చేర్పించడానికి తీసుకెళ్ళారు. పెద్దనాన్న, అంటే అప్పటికి నాన్న, కొంచెం మొహమాటంగా దత్తు సంగతి చెప్పి ఇంటిపేరు మార్చి రాయమన్నాడు. హెడ్మాస్టరు గారు పాతదేమిటి, కొత్తదేమిటి అని అడిగి నవ్వారు.

"తెలుగులో అయితే దిద్దాల్సొచ్చేదండీ. ఇక్కడ ఇంగ్లీషులోనే రాస్తాం. అక్షరం అదే. మార్చేదేం లేదు."

పెద్దనాన్నకి ఎంత సంతోషమైందో! దారి పొడుగునా ఎదురైన ప్రతివాడికీ చెప్పాడు, అక్షరం కూడా కలిసొచ్చిందని. అందరూ జాతకం కలిసినట్టే తలూపారు. నాకు మాత్రం అర్థం కాలేదు. ఏమీ మారలేదంటే ఇంటికి వెళ్ళిపోవచ్చు కదా అనుకున్నాను.

జగ్గయ్యపేట ఇల్లు పెద్దది. కింద నాపరాళ్ళు, ఎండాకాలం కూడా చల్లగా ఉండేవి. నందిగామలో నలుగురం ఒకే చాప మీద పడుకునేవాళ్ళం, ఒకడి మోకాలు ఇంకొకడి డొక్కలో. ఇక్కడ నాకు పట్టెమంచం, దోమతెర, తలగడ. పక్కన ఎవరూ తన్నకపోతే నిద్ర పట్టేది కాదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు గాని, ఆ కొత్త అమ్మ అడక్కముందే పెట్టేది. నేను తింటుంటే ఎదురుగా కూర్చుని చూసేది. మంచి మనిషి, ఒక్కనాడు కసిరి ఎరగదు. ఆవిణ్ణి అమ్మా అని పిలవడం నాకు వారం రోజుల్లోనే అలవాటైంది. అలా అలవాటు కావడం చూసే నాకు భయం వేసింది.

ఆ ఇంట్లో మాట్లాడే పిల్లలు లేరు. అందుకని నేను ఆ అక్షరంతో కాలక్షేపం చేయడం మొదలుపెట్టాను. ఎక్కడ కనిపిస్తే అక్కడ దాని అర్థం కనుక్కోవాలి. బళ్ళో ఉన్న పెద్ద ఇంగ్లీషు నిఘంటువులో వెతికితే, పదకొండో అక్షరం అని ఉంది. అది నాకూ తెలుసు. మధ్యాహ్నాలు పెద్దనాన్న స్నేహితులు అరుగు మీద పేకాడేవారు. అక్కడ కె అంటే రాజు. నేను వెనక నిలబడి ముక్కలు చూసేవాణ్ణి. రాజుకి కత్తి, గడ్డం అన్నీ ఉండేవి. ఆటలో రాణి, జాకీ పక్కన పడకపోతే మాత్రం ఆ రాజు చేతిలో బరువు. ఆట చివర వాణ్ణి పట్టుకు కూర్చున్నవాడికే నష్టం.

సెకండు ఫారంలో ఇంగ్లీషు మేష్టారు కత్తిని, మోకాలిని, ముడిని ఇంగ్లీషులో బోర్డు మీద రాసి, ముందున్న కెని ఎవరూ పలకకూడదని చెప్పారు. మరి ఎందుకు రాయడమండీ అని అడిగాను. "పూర్వం పలికేవారట. ఇప్పుడు మానేశారు. తీసేయడానికి మాత్రం ఎవరికీ మనసొప్పలేదు" అన్నారు. ఆయన ఏదో సరదాకి అన్నారు. నేను ఆ పూటంతా దాన్ని గురించే ఆలోచించాను. పలకడం మానేసి, తీసెయ్యకుండా ఉంచడం మా నందిగామ వాళ్ళకీ తెలుసు.

వేసవి సెలవులకి నన్ను నందిగామ పంపేవారు. బస్సు చిల్లకల్లు దగ్గర పెద్దరోడ్డెక్కగానే నేను సంచీ ఒళ్ళో పెట్టుకుని దిగడానికి సిద్ధంగా కూర్చునేవాణ్ణి. ఇంటికెళ్ళాక అన్నీ మామూలే, నేను తప్ప. నాకు ముందు వడ్డించేవారు. నెయ్యి రెండోసారి నాకే. ఒకసారి నలుగురం బంతాట ఆడుతూ కొత్తావకాయ జాడీ పగలగొట్టాం. బంతి విసిరింది నేనే. అమ్మ విసనకర్ర తిరగేసి ముగ్గుర్నీ వరసగా బాదింది. నా దగ్గరికి వచ్చి ఆగింది.

"నువ్వు లోపలికెళ్ళు అబ్బాయ్. కాళ్ళకి పెంకులు గుచ్చుకుంటాయి."

అన్నయ్యలూ తమ్ముడూ నన్ను అసూయగా చూశారు. నేను లోపలికెళ్ళి బియ్యపు గాదె పక్కన కూర్చుని ఏడ్చాను. వాళ్ళు దెబ్బలు తిన్నందుకని అందరూ అనుకున్నారు. నాకు రాని దెబ్బ కోసం ఏడ్చానని చెబితే ఎవరు నమ్ముతారు? అంతకుముందు ఆవిడ నన్ను ఒరే అనేది. దత్తు వెళ్ళాక అబ్బాయ్ అయ్యాను.

ఇక బస్తాల సంగతి చెప్పాలి. మా నాన్నకీ పెద్దనాన్నకీ మిరపకాయల కమీషను వ్యాపారమే, ఒకరిది నందిగామ, ఒకరిది జగ్గయ్యపేట. బస్తాల మీద రేకు అచ్చు పెట్టి నల్లరంగుతో గుర్తు వేయించేవారు. ఇద్దరి గుర్తూ కెయ్యే. ఎవరి లారీ వాళ్ళకున్నంత కాలం ఇబ్బంది రాలేదు. ఒక ఏడు పంట ఎక్కువొచ్చి లారీలు దొరక్క, జగ్గయ్యపేటలో సగం ఎక్కించిన లారీ నందిగామలో ఆగి మిగతా సగం ఎక్కించుకుని బెజవాడ పోయింది. అక్కడ ముఠా కూలీలు అన్నీ కెలే కదా అని ఒకే గుట్టగా దింపేశారు.

తోడల్లుళ్ళిద్దరూ బెజవాడ పరిగెత్తారు. సెలవు రోజు కావడంతో పెద్దనాన్న నన్ను కూడా వెంట తీసుకెళ్ళాడు. పొద్దుణ్ణించీ ఒక్కో బస్తా మూతి విప్పి కాయ తీసి విరిచి, వాసన చూసి, తుమ్మి, కళ్ళు తుడుచుకుని, "ఇది మీదే అన్నగారూ" అంటే "కాదు కాదు, మీదే, మీ మాగాణి కాయ ఇలాగే ఉంటది" అని ఒకళ్ళకొకళ్ళు అంటగట్టుకోవడం. మర్యాదే గాని అందులో పట్టుదల కూడా ఉంది. దీపాలు పెట్టే వేళకి బస్తాలన్నీ రెండు గుట్టలయ్యాయి. ఇక మీదట ఇలా జరగకూడదని జగ్గయ్యపేట కె చుట్టూ ఒక సున్నా చుట్టాలని నిర్ణయించుకున్నారు.

నేను ఆ రెండు గుట్టల మధ్య ఖాళీ గోనె మీద కూర్చున్నాను. ఇద్దరు నాన్నల కళ్ళూ ఎర్రగా ఉన్నాయి, ఇద్దరూ సంతృప్తిగా ఉన్నారు. మిరపకాయలు ఎవరివో తేల్చడానికి ఒక పగలంతా తుమ్మినవాళ్ళు, నా సంగతికొచ్చేసరికి అక్షరం అదే కదా అని ఊరుకున్నారు. ఆ మాట అక్కడే అనేద్దామనిపించింది. బెల్లం మిఠాయి కొనిస్తే తిన్నాను.

ఆ తరవాత కొన్నాళ్ళు నేను కూడా బళ్ళో పేరు రాసేటప్పుడు కె చుట్టూ సున్నా చుట్టాను. పక్కనున్నవాళ్ళంతా కొట్ల వాళ్ళ పిల్లలే, చూడగానే పోల్చుకున్నారు. నన్ను బస్తా అని పిలవడం మొదలుపెట్టారు. ఫిఫ్తు ఫారం దాకా నేను బస్తానే.

పైతరగతుల్లో ఆ అక్షరం ఇంకా పెద్దదైంది. రసాయన శాస్త్రంలో పొటాషియానికి గుర్తు పి కాదు, కె. మేష్టారు దానికి వేరే భాషలో వేరే పేరు ఉందని, గుర్తు ఆ పేరు నుంచి వచ్చిందని చెప్పారు. పిలిచేది ఒక పేరుతో, రాసేది ఇంకో పేరు గుర్తు. ఎవరికీ అభ్యంతరం లేదు. దాన్ని కిరసనాయిల్లో ముంచి ఉంచాలట, గాలి తగిలినా నీళ్ళు తగిలినా ఊరుకోదట. నాకు ఆ లోహం మీద అభిమానం కలిగింది. కాలేజీలో చేరాక స్ప్రింగుని సాగదీసే పాఠంలో చిన్న కె వచ్చింది, అది స్థిరాంకం. ఎంత లాగినా అది మారదు. అలా మారనివి పుస్తకాల్లో చాలా ఉంటాయి.

బి.ఎస్సీ., ఆపైన బి.ఇడీ. అయ్యాక నాకు సైన్సు మేష్టారుగా ఉద్యోగం వచ్చింది. ఎక్కడ? నందిగామలో. పుట్టిన ఇంటికి రెండు వీధుల అవతల గది అద్దెకి తీసుకున్నాను. అన్నయ్య వచ్చి కోప్పడ్డాడు, ఇల్లుండగా అద్దె గదేమిటని. "మీ ఇంట్లో ఉంటే అక్కడ అమ్మ ఏమనుకుంటుంది?" అన్నాను. మీ ఇల్లు అన్న మాట వాడికి గుచ్చుకుంది. మళ్ళీ అడగలేదు. జగ్గయ్యపేటలో అమ్మ మాత్రం, "చెల్లెలి ఊరేగా, ఆకలికి ఇబ్బంది పడవు" అని ధైర్యంగా పంపింది. ఇటు ఉంటే అక్కడ బాధ, అటు ఉంటే ఇక్కడ బాధ. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అందుకని గదిలో ఒక్కణ్ణే ఉన్నాను. స్టవ్వు మీద అన్నం వండుకునేవాణ్ణి. ఒక్కడికి బియ్యం ఎన్ని పొయ్యాలో నాకు చివరిదాకా తెలియలేదు, ఎప్పుడూ మిగిలేది.

ఆదివారం మధ్యాహ్నం మాత్రం పుట్టిన ఇంట్లో భోజనం. అప్పటికి నందిగామ నాన్న పోయాడు. అన్నయ్యలు కొట్టుకి వెళ్ళేవారు, వదినలు తిని పడుకునేవారు. వంటింటి గుమ్మం దగ్గర ఆవిడా నేనూ. ఇన్నేళ్ళలో నేను ఆవిణ్ణి ఏ పిలుపుతోనూ పిలవలేదు. పిలుపు లేకుండా మాట్లాడటం ఒక విద్య. ఆవిడ నావైపు తిరిగేదాకా ఆగాలి. తిరక్కపోతే గ్లాసు చప్పుడు చేయాలి. మరీ అవసరమైతే గోడకి చెప్పినట్టు "కూర బాగుంది" అనాలి. నేను అందులో పండిపోయాను. ఆవిడకీ అది తెలుసు, తెలిసినట్టు ఎప్పుడూ కనిపించలేదు.

నా పక్కగదిలో తంతి ఆఫీసులో పనిచేసే కుర్రాడొకడు ఉండేవాడు, తణుకు వైపు వాడు, నాలాగే ఒంటరి. సాయంత్రాలు ఇద్దరం మునేరు వైపు నడిచేవాళ్ళం. ఒకసారి నా పేరు ముందున్న అక్షరం చూసి, తమ తంతి భాషలో కెకి ఒక అర్థం ఉందన్నాడు. వార్త పంపేవాడు తను చెప్పాల్సింది అయిపోగానే కె కొడతాడట. నా మాట అయిపోయింది, ఇక నువ్వు చెప్పు, వింటున్నానని దాని అర్థం. అవతలివాడు కొట్టేదాకా వీడు చెవి ఒగ్గి కూర్చోవాలి.

"ఒక్కోసారి అవతల ఎవరూ ఉండరండి. అయినా కూర్చోవాల్సిందే" అన్నాడు.

రాజు కంటే, లోహం కంటే నాకు ఈ అర్థం నచ్చింది. నచ్చిందంటే చాలదు, నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. పెరట్లో నా మొహం తుడిచి తన మాట తను చెప్పేసి ఊరుకున్న ఆవిడ, ఇన్నేళ్ళూ నేను చెప్పడం కోసం చూస్తోందేమో. నేనే అది తెలియక ఆవిడ చెప్పాలని కూర్చున్నానేమో.

ఆ ఆదివారం భోజనమయ్యాక ఆవిడ చేటలో బియ్యం ఏరుతోంది. మా అన్నయ్య కూతురు ఏబీసీడీలు దిద్దిన పలక గుమ్మం పక్కన పడి ఉంది. ఆవిడ దాన్ని కాలితో తగలకుండా జరిపి, ఉన్నట్టుండి అడిగింది.

"నీ పేరు ముందు రాసేది ఏదో ఇందులో చూపించు."

పలక మీద కె ఎక్కడో చెరిగిపోయి ఉంది. నేను చేటలోనే బియ్యం పక్కకి తోసి వేలితో రాశాను. ఆవిడ తల వంచి చూసింది. తెలుగు చదవగలదు, ఇంగ్లీషు రాదు.

"కర్రకి ఎవరో చేరగిలబడ్డట్టుంది. ఇందులో ఈ ఇంటి పేరుందా?"

"ఉంది."

"అక్కయ్య వాళ్ళది?"

"అదీ ఉంది."

"ఇంత చిన్నదాంట్లో రెండు కొంపలు పట్టాయా" అంది. నవ్వలేదు. వేలు పెట్టి ఆ గీతల మీద ఒకసారి దిద్దింది, అక్షరాభ్యాసం పిల్లలా నెమ్మదిగా. గింజలు కదిలి అక్షరం కొంచెం వంకరైంది. ఆ వేలికి కూర పసుపు, గోటి పక్కన కత్తిపీట గాటు. ఆ చేతిని చూస్తూ ఉండగా నాకు ఆగలేదు.

"అమ్మా" అన్నాను.

ఆవిడ చెయ్యి ఆగింది. తలెత్తలేదు. వెనక గదిలో వదిన పక్క తిరిగి పడుకున్న చప్పుడు వినిపించింది. నేను తంతి కుర్రాడిలా కూర్చున్నాను. ఆవిడ చేట ఎత్తి ఒక్కసారి ఊపింది. అక్షరం పోయి బియ్యం సమంగా పరుచుకున్నాయి.

"ఒక్కసారి అన్నావు, చాలు. ఇంకెప్పుడూ అనకు. అక్కయ్యకి మాటిచ్చా నేను" అంది.

"ఆవిడిక్కడ లేదుగా."

"నేనున్నాగా" అంది. తరవాత లేచి కొంగుతో మొహం తుడుచుకుని, "మజ్జిగ పొయ్యనా?" అని అడిగింది. పొయ్యమన్నాను. ఉప్పు వెయ్యడం మర్చిపోయింది. నేను అడగలేదు.

ఆవిడ ఆ తరవాత చాలా ఏళ్ళు బతికింది. నేను మళ్ళీ ఆ మాట అనలేదు. సెలవులకి జగ్గయ్యపేట వెళ్ళినప్పుడు మాత్రం చెప్పులు విప్పుతూనే గుమ్మంలోంచి అమ్మా అని కేకేసేవాణ్ణి. ఆ అమ్మ లోపల ఏ మూల ఉన్నా వెంటనే పలికేది.